గుండ్ల కింద నీళ్లు

హైదరాబాద్ శివార్లలో ఏ కాలనీకైనా ఎండాకాలం రాత్రి బోరు లారీ వచ్చిందంటే వీధి వీధంతా మేలుకుంటుంది. కంప్రెసర్ మోతకు కిటికీ అద్దాలు అదురుతాయి. బోరు వేయిస్తున్న ఇంటివాళ్లకు మాత్రం ఆ మోత చెవికెక్కదు. వాళ్ల చూపంతా గుంతలోంచి పైకి చిమ్ముతున్న దుమ్ము మీదే ఉంటుంది. మొదట ఎర్రమట్టి వస్తుంది. కొన్ని అడుగులు దిగాక పసుపు కలిసిన మొరం. ఇంకాస్త పోయాక గోధుమరంగు రాతి నలుసు, అదృష్టం బాగుంటే చెమ్మగా, ముద్దలు ముద్దలుగా. తర్వాత రంగు ఒక్కసారిగా మారిపోతుంది. సన్నటి పిండిలాంటి బూడిదరంగు పొడి మొదలవుతుంది. "బండ తగిలింది" అంటాడు డ్రిల్లింగ్ చేసే మనిషి. కేసింగ్ పైపు అక్కడిదాకా దించి, ఆ కింద ఒట్టి రాయిని తొలుచుకుంటూ పోతారు. మూడొందలు, ఆరొందలు, తొమ్మిదొందల అడుగులు. అడుగుకు ఇంత అని రేటు నడుస్తూనే ఉంటుంది.

దుమ్ము రంగులు మారే ఆ వరసలోనే ఈ నగరపు నీళ్ల కథ మొత్తం ఉంది. కానీ ఆ సమయానికి దాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు. బూడిద పొడి వస్తున్నకొద్దీ "ఇంకో వంద చూద్దాం" అన్న మాటే వినిపిస్తుంది. లోతుకు పోతే ఎక్కడో పెద్ద జల తగులుతుందన్న ఆశ ఆ మాట పలికిస్తుంది. ఇదే నగరం నుంచి, ఈ చుట్టుపక్కల నేల మీద ఏళ్ల తరబడి సాగిన పరిశోధన చెప్పేది వేరు. హైదరాబాద్ నీళ్లు ఉన్నది పైపొరలో. ఆ పైపొర తయారైంది కోట్ల ఏళ్ల కిందటి ఎండలకూ వానలకూ. ఏటా దాన్ని నింపేది మాత్రం ఇప్పటి వాన. బోరు పాయింట్ పెట్టేవాళ్లకూ, ఇల్లు కట్టేవాళ్లకూ, అనుమతులిచ్చే ఆఫీసులకూ ఈ రెండు సంగతులు కలిపి అర్థమైతే తప్ప లెక్క కుదరదు.

రాయి పుచ్చితేనే నీళ్లు

నగరం నిలబడ్డ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి వయసులో సగానికి పైమాటే. కరిగిన శిల భూమి లోపల చాలా కింద మెల్లగా చల్లారి గట్టిపడింది. పైన కప్పి ఉన్న రాళ్లన్నీ యుగాల తరబడి అరిగి కొట్టుకుపోతే ఇది బయటపడింది. మౌలాలి గుట్ట, గోల్కొండ కోట ఉన్న గుట్ట, బంజారాహిల్స్, ఖాజాగూడ గుట్టలు అన్నీ ఆ రాయే. కొన్నిచోట్ల గులాబీ రంగు, కొన్నిచోట్ల బూడిద రంగు. దీంట్లో స్ఫటికాలు ఒకదానికొకటి ఎంత బిగువుగా అతుక్కుని ఉంటాయంటే నీటి చుక్కకు కూడా సందు దొరకదు. గంగా మైదానంలో వందల మీటర్ల మందాన ఇసుక, ఒండ్రు పరుచుకుని ఉంది కాబట్టి అక్కడ నేలంతా నీటి తొట్టే. ఇక్కడ అలాంటి తొట్టి లేదు. గ్రానైట్‌లో నీళ్లు నిలవాలంటే ముందు ఆ రాయి పుచ్చాలి.

పుచ్చడమంటే ఏమిటి? నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాననీరు పలుచని ఆమ్లంలా పనిచేస్తుంది. వెంట్రుకంత నెర్రెలోంచి లోపలికి దిగి రాయిలోని ఖనిజాలను ఒక్కొక్కదాన్నే మారుస్తుంది. ఫెల్‌స్పార్ బంకమన్నవుతుంది. క్వార్ట్జ్ దేనికీ లొంగదు కాబట్టి ఇసుకగా మిగిలిపోతుంది. వీటి మధ్య తళుక్కుమనే నల్ల అభ్రకం, అంటే బయోటైట్, నీటికి ఉబ్బుతుంది. రాయి లోపల రేకు రేకుగా ఉన్న అభ్రకం ఉబ్బితే చుట్టూ ఉన్న రాయి ఊరుకోదు, పగులుతుంది. పక్కలకు జరిగే చోటు లేదు, పైకి మాత్రమే ఉంది. అందుకే ఆ పగుళ్లు ఎక్కువగా నేలకు సమాంతరంగా, ఉల్లిపొరల్లా పడతాయి. పూర్తిగా పుచ్చిన పైభాగమే మొరం. దాని కింద సగం పుచ్చీ పుచ్చని, పగుళ్లు పడ్డ రాయి. ఆ కింద ఏ మార్పూ లేని గట్టి బండ. మొరంలో నీళ్లు నిలుస్తాయి, పగుళ్ల పొరలో పారతాయి. బోరులోకి ఊరేవి చాలావరకు ఆ పారే నీళ్లే.

ఇది కాగితం మీద ఊహించిన బొమ్మ కాదు. ఉప్పల్ రోడ్డు మీదున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ ఎన్‌జీఆర్‌ఐ అనే సంస్థ, 1961లో మొదలైంది. ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎంతో కలిసి 1999లో అక్కడ ఇండో ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం ఏర్పాటైంది. వాళ్లు పనికి ఎంచుకున్నది నగరానికి దక్షిణాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని మహేశ్వరం. అప్పటికి పూర్తిగా పల్లెటూరు. 53 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న పరీవాహక ప్రాంతంలో వందల బోర్లు ఉన్నాయి. బోరులోకి మీటర్ దించి ఏ లోతు దగ్గర నీళ్లు లోపలికి వస్తున్నాయో కొలిచారు. గంటల తరబడి మోటార్ నడిపి పక్క బోరులో మట్టం ఎంత దిగుతోందో రాసుకున్నారు. ఎండిపోయిన దిగుడు బావుల్లోకి దిగి గోడల మీద పొరలు చూశారు.

తేలింది ఇది. అక్కడ మొరం మందం చాలాచోట్ల 10, 15 మీటర్లు. దాని కింద పగుళ్ల పొర మరో 15, 20 మీటర్లు. నీళ్లిచ్చే పగుళ్లలో ఎక్కువభాగం 35 మీటర్ల లోపే, అంటే 115 అడుగుల్లోపే ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ అవి పలచబడిపోతాయి. బెనువా దెవాండెల్ తదితరులు 2006లో జర్నల్ ఆఫ్ హైడ్రాలజీలో ప్రచురించిన పత్రం ఈ నమూనాను వివరించింది. బండలో పగుళ్లంటే భూమి పొరల కదలికల వల్లే పడతాయని గట్టిగా నమ్మే రోజుల్లో, చాలా పగుళ్లకు కారణం పుచ్చడమేనని ఆ బృందం వాదించింది. చూడడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ దీనివల్ల మారేది చాలా ఉంది. కదలికల వల్ల పడ్డ పగుళ్లయితే ఎంత లోతునైనా ఉండొచ్చు. పుచ్చడం వల్ల పడ్డవైతే, పుచ్చడం ఆగిన చోటే అవీ ఆగిపోతాయి.

మరి ఏడొందల అడుగుల్లో నీళ్లు పడ్డ ఇళ్లు లేవా? ఉన్నాయి. గ్రానైట్‌ను చీల్చుకుని నల్లరాయి గోడల్లా నిలబడ్డ డోలరైట్ డైక్‌ల అంచుల్లోనో, ఎక్కడో తెగిన ఒక పాత పగులులోనో నీళ్లు చిక్కుకుని ఉంటాయి. బోరు అదృష్టవశాత్తూ దాన్నే పొడిస్తే రెండించుల నీళ్లు ఎగజిమ్ముతాయి, వీధిలో స్వీట్లు పంచుతారు. కానీ అలాంటి పగులులో నిల్వ తక్కువ, పైనుంచి వచ్చి చేరేది ఇంకా తక్కువ. కొన్ని నెలలకో, రెండు ఎండాకాలాలకో మోటార్ గాలి పీల్చడం మొదలుపెడుతుంది. పైగా లోతు నీళ్లు రాతిలో ఎక్కువకాలం ఉన్నవి. మన గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీటిలోకి దిగుతుంది. రాతితో సహవాసం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. నల్గొండ జిల్లా పల్లెల్లో వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు ఆ సహవాసం ఫలితమే. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు మాత్రమే సహించాలని ప్రమాణం. లోతు బోరు వేసినవాళ్లు మొదట చేయించాల్సింది ఆ పరీక్షే.

గుండ్లు ఎందుకు నిలబడ్డాయి

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవాళ్లు ఆగి చూసేది ఇక్కడి గుండ్లను. ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చిపోయినట్టు, చెయ్యి వేస్తే పడిపోతాయేమో అన్నట్టు ఉంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని పుట్టగొడుగు రాయి అందరికీ తెలిసిందే. వీటిని కాపాడాలని 1996 నుంచి ఒక సొసైటీ పనిచేస్తోంది. ఈ గుండ్లకూ బోరు నీళ్లకూ చుట్టరికం ఉందని మాత్రం ఎక్కువమందికి తెలియదు.

గ్రానైట్‌లో సహజంగా నిలువు గీతలు, అడ్డ గీతలు ఉంటాయి. నీళ్లు ముందు ఆ గీతల వెంట దిగుతాయి. గీతల మధ్య మిగిలిన రాతి దిమ్మెను అన్ని వైపుల నుంచీ కొరుకుతాయి. మూలల్లో రెండు మూడు వైపుల నుంచి దాడి ఉంటుంది కాబట్టి అవి ముందు పుచ్చుతాయి. దిమ్మె గుండ్రంగా మారుతుంది. కొన్నాళ్లకు భూమి లోపల, మొరం మధ్యలో, గట్టి గుండ్లు లడ్డూలో జీడిపప్పులా మిగులుతాయి. తర్వాత ఎప్పుడో కాలం మారి, మొక్కల కప్పు తగ్గి, వానలు మొరాన్ని కడుక్కుపోతే గుండ్లు మాత్రం ఉన్నచోటే కిందికి కూర్చుంటాయి. కాబట్టి జూబ్లీహిల్స్‌లో రోడ్డు పక్కన కనిపించే గుండు ఒకప్పుడు భూమి లోపలిది. దాని చుట్టూ ఉన్న మొరం పోయింది. అలాంటి మొరం ఇంకా పోకుండా మిగిలిన చోట్ల, పల్లపు నేలల్లో, చెరువుల కింద, నీళ్లున్నాయి. పైన గుండు, కింద నీళ్లు. రెండూ పుచ్చడమనే ఒకే పని వదిలిన రెండు గుర్తులు.

ఆ పని ఎప్పుడు జరిగింది? దీనికి జవాబు వెతకాలంటే వికారాబాద్ దాకా పోవాలి. మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో గ్రానైట్ కనిపించదు. అక్కడున్నది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పారి గడ్డకట్టిన దక్కన్ బసాల్ట్. దాని నెత్తిన ఎర్రటి, రంధ్రాలు రంధ్రాలుగా ఉండే లాటరైట్ టోపీలా కూర్చుని ఉంది. లాటరైట్ అంటే రాయి పుచ్చడంలో ఆఖరి దశ. కరిగేవన్నీ కరిగి కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం మాత్రమే మిగిలిన గుల్ల. అది తయారవ్వాలంటే ఏడాదికి ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వాన చాలదు. వేడి, ధారాళమైన వానలు, లక్షల ఏళ్ల ఓపిక కావాలి. బసాల్ట్ నెత్తి మీద ఉందంటే ఆ వానలు లావా తర్వాతవే. భారత భూభాగం దక్షిణం నుంచి కదిలి వచ్చి భూమధ్యరేఖ దాటిన యుగంలో, ఆ తర్వాతా ఈ నేల మీద అలాంటి తడి వాతావరణం నడిచింది. కర్ణాటకలో సండూరు మాంగనీస్ గనుల్లో, పుచ్చేటప్పుడే పుట్టిన ఖనిజాల వయసును, వాటిలో పేరుకున్న ఆర్గాన్ వాయువును కొలిచే పద్ధతిలో కడితే దాదాపు 2.6 కోట్ల నుంచి 3.6 కోట్ల ఏళ్ల మధ్య తేలింది.

మహేశ్వరం పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. అక్కడి పొరల మందాలు ఒకే విడతలో పుచ్చిన రాయికి ఉండాల్సినట్టు లేవు. ఒకప్పుడు మందంగా ఉన్న మొరం చాలామటుకు కోసుకుపోయింది. బయటపడ్డ పాత పగుళ్ల పొర మళ్లీ కొత్తగా పుచ్చింది. అంటే తడి యుగం, కోత యుగం, మళ్లీ తడి యుగం. బోరు దుమ్ము పసుపు నుంచి బూడిదకు మారే ఆ కొద్ది నిమిషాల్లో ఇన్ని యుగాలు పైకి వచ్చి లారీ చుట్టూ రాలిపోతాయి.

ఒక ఎకరం లెక్క

పొర ఉంది సరే, అందులో ఎన్ని నీళ్లు పడతాయి? మహేశ్వరంలో కొలిస్తే ఆ పొర మొత్తం పరిమాణంలో బయటికి తీయగలిగే నీరు సుమారు 1.4 శాతం అని తేలింది. నూరు బిందెల రాతికి ఒకటిన్నర బిందె కూడా కాదు.

ఒక ఎకరం తీసుకుందాం. 4,047 చదరపు మీటర్లు. నీటిమట్టం ఒక మీటరు దిగిందంటే అక్కడి నుంచి బయటికి వచ్చిన నీరు దాదాపు 57 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. ఇప్పుడు ఆ ఎకరంలో వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఉందనుకుందాం. ఇంటికి నలుగురు, మనిషికి నగరాల ప్రమాణం ప్రకారం రోజుకు 135 లీటర్లు. మొత్తం 54 వేల లీటర్లు. పూర్తిగా బోరు మీదే ఆధారపడితే ఆ అపార్ట్‌మెంట్ తన ఎకరం కింద ఉన్న నీటిమట్టాన్ని రోజుకు దాదాపు ఒక మీటరు దించగలదు. అంత దిగకపోవడానికి కారణం పక్క స్థలాల కిందున్న నీళ్లు వచ్చి పూడ్చడమే. పక్కింటి బోరు ఎందుకు ఎండిందో ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

ఇక వాన వైపు చూద్దాం. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరం మీద పడేది 32 లక్షల లీటర్ల పైచిలుకు. ఈ రాతినేలలో పదో వంతు ఇంకిందనుకుంటే 3 లక్షల 24 వేల లీటర్లు. అపార్ట్‌మెంట్‌కు ఆరు రోజుల వాడకం. సిమెంటు, టైల్స్, తారు కప్పేసిన చోట ఆ పదో వంతు కూడా దిగదు. మనసుకు కష్టం కలిగించే లెక్కే ఇది. అయినా ఏ కాలనీ సమావేశంలోనైనా ముందు బోర్డు మీద రాయాల్సినది ఇదే. అదే పదో వంతు ఖాళీ నేలలో దిగితే 1.4 శాతం పొరలో నీటిమట్టం ఐదారు మీటర్లు లేస్తుంది. పల్లె బావుల్లో ఒక మంచి వానాకాలానికి నీళ్లు పైపైకి రావడం పెద్దవాళ్లకు గుర్తున్న దృశ్యమే. చిన్న గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది, త్వరగా నిండుతుంది కూడా. ఈ రాయికి ఉన్న గొప్ప గుణం అదొక్కటే, దాన్ని వాడుకోవడమే తెలివి. వరి మడికి పెట్టిన నీళ్లలో దాదాపు సగం మళ్లీ కిందికే దిగుతుందని కూడా మహేశ్వరంలో తేలింది. పొలం పోయి ప్లాట్లయిన చోట ఆ తిరుగు నీరూ పోయింది.

ఇంకుడు గుంతల విషయం ఇక్కడే చెప్పాలి. మొరం పొర దాకా దిగి, ఇసుక, కంకరతో నింపి, ఏటా పూడిక తీసే గుంత నిజంగా పనిచేస్తుంది. ఎండిపోయిన తొమ్మిదొందల అడుగుల బోరులోకి డాబా నీళ్లు వదిలితే గట్టి బండలో అవి పోయే దారే ఉండదు.

బోరు రంధ్రంలో పాత ఎండలు

నీళ్లు పడని బోరు వృథా అనుకుంటాం. దాంట్లోకి సన్నటి తీగకు కట్టిన ఉష్ణమాపకం దించితే అది నూరేళ్ల కిందటి వేడి సంగతి చెబుతుంది. ఈ పరిశోధనకూ హైదరాబాదే ఒక ముఖ్య కేంద్రం.

రాతిలో వేడి చాలా నెమ్మదిగా దిగుతుంది. మీటరు లోతులో పగటికీ రాత్రికీ తేడా తెలియదు. పదిహేను, ఇరవై మీటర్లు దిగితే ఎండాకాలానికీ చలికాలానికీ తేడా ఉండదు. పాత బావి నీళ్లు మే నెలలో చల్లగా, డిసెంబర్లో గోరువెచ్చగా తగలడం అందుకే. ఇంకా కిందికి పోతే భూమి లోపలి వేడి వల్ల వంద మీటర్లకు ఇంత అని ఉష్ణోగ్రత నిదానంగా, సరళరేఖలా పెరగాలి. కానీ పైన నేల దశాబ్దాలపాటు కాస్త కాస్తగా వేడెక్కితే ఆ వేడి కిందికి పాకుతూ సరళరేఖ పైభాగాన్ని వంచేస్తుంది. వంపు ఎంత లోతు దాకా ఉందో చూస్తే వేడెక్కడం ఎప్పుడు మొదలైందో, ఎంత వంగిందో చూస్తే ఎన్ని డిగ్రీలు పెరిగిందో లెక్కకట్టవచ్చు. బోరు తొలిచినప్పటి వేడి పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. లోపల నీళ్లు పారుతూ ఉండకూడదు. నీళ్లు పారితే వేడి గుర్తులు చెరిగిపోతాయి. అంటే నీళ్లకు పనికిరాని బోరే ఈ పనికి మేలు.

ఎన్‌జీఆర్‌ఐకి చెందిన సుకాంత రాయ్, ఆర్.యు.ఎం. రావు, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి భారతదేశంలోని డజన్ల కొద్దీ బోరు రంధ్రాల కొలతలను ఇలా విశ్లేషించి 2002లో ఫలితం ప్రచురించారు. దాదాపు 150 ఏళ్లలో నేల సగటున 0.9 డిగ్రీ వేడెక్కింది. వాతావరణ కేంద్రాలు సరిగా లేని కాలం సంగతి కూడా ఇందులో ఉంది. ఎవరూ రాసిపెట్టకపోయినా రాయి రాసిపెట్టుకుంది.

గోదావరి బురదలో ఆకుల మైనం

వేడి సంగతి బోరు చెబితే, వానల సంగతి చెప్పేది బురద, గుహలు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే సముద్రం అడుగున మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న సహజవాయువు కోసం, జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ బంగాళాఖాతంలో, గోదావరి సముద్రంలో కలిసే చోటుకు ఎదురుగా అడుగు మట్టిని తొలిచి తీసింది. ఆ మట్టి ఇంధన పరిశోధనకే కాకుండా వేరే విద్యకూ పనికొచ్చింది. దక్కన్ మీద పెరిగిన చెట్ల ఆకుల మీది మైనం వానలకు కొట్టుకుపోయి, వాగుల్లో, మంజీరాలో, గోదావరిలో ప్రయాణించి అక్కడ పొరలు పొరలుగా పేరుకుంది. అడవి చెట్ల మైనంలో కార్బన్ ఒక రకంగా ఉంటుంది. జొన్న, పొడినేలల గడ్డి వంటి వాటి మైనంలో బరువైన కార్బన్ పాలు ఎక్కువ. ఏ పొరలో ఏది ఎక్కువుందో కొలిస్తే ఆ కాలంలో దక్కన్ పచ్చగా ఉందా, బీడుగా ఉందా అన్నది తెలుస్తుంది.

కమీలో పాంటన్, లివియు జోసన్ తదితరులు 2012లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం మధ్య దక్కన్ సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి పొడిబారడం మొదలైంది. సుమారు 1,700 ఏళ్ల కిందట మరో మెట్టు దిగింది. వీటిలో మొదటి మార్పుకు దగ్గరి కాలంలోనే మేఘాలయలోని మామ్లూహ్ గుహ రాతిలోనూ పెద్ద కరువు గుర్తు కనబడింది. 4,200 ఏళ్ల కిందటి ఆ గీతను ఆధారంగా చేసుకునే 2018లో భూచరిత్రలోని ప్రస్తుత దశకు మేఘాలయన్ అని పేరు పెట్టారు. దక్కన్ పొడిబారుతున్న ఆ రోజుల్లోనే ఇక్కడి తొలి రైతులు ఊళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్లు పండించింది అండుకొర్రలు, ఉలవలు, పెసలు. తక్కువ నీటితో గట్టెక్కే పంటలన్నీ వాళ్లకు ముందే తెలుసు.

గుహ రాతిది ఇంకా సన్నటి లెక్క. చూరు నుంచి కారిన చుక్క చుక్కకూ సున్నం పేరుకుని స్తంభం పెరుగుతుంది. జోరువాన కాలపు చుక్కలో బరువైన ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ తేడా రాతిలో ఉండిపోతుంది. బస్తర్‌లోని దండక్ గుహ స్తంభం సామాన్య శకం 600 నుంచి 1500 దాకా నైరుతి రుతుపవనాల తీరు చెప్పింది. 14వ శతాబ్దం నడుమ నుంచి 15వ శతాబ్దంలోకి దశాబ్దాలపాటు వానలు బలహీనపడ్డాయి. ఒకటి రెండేళ్ల కరువు కాదది, ఒక తరం పుట్టి పెరిగేంత కరువు.

ఈ పాత లెక్కలు అపార్ట్‌మెంట్ బోరుకు ఎందుకు? మన నీటి లెక్కలన్నీ మహా అయితే నూరు, నూట ముప్పై ఏళ్ల వర్షపాత రికార్డుల మీద నిలబడ్డవే. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకుని 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ తర్వాత మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వరసగా నగరానికి వచ్చాయి. గోదావరి బురద, దండక్ స్తంభం చూస్తే ఆ నూరేళ్లు చాలా చిన్న నమూనా అని తెలుస్తుంది. ఈ నేల మీద వాన దశాబ్దాల తరబడి ముఖం చాటేయగలదు. ఇంకోవైపు ఒకే రోజున విరుచుకుపడగలదు కూడా. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్లు, 2020 అక్టోబర్ 13, 14 తేదీల మధ్య 190 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. అలాంటి వాన మొరం ఉన్న ఖాళీ నేల మీద పడితే ఏడాది నిల్వలో పెద్ద భాగం ఒక్క రాత్రిలో చేరగలదు. కాంక్రీటు మీద పడితే నాలాల్లోకి, ఇళ్లలోకి పోతుంది.

2020 అక్టోబర్ వానల్లో బోరబండలో భూమి లోపల బాంబు పేలినట్టు శబ్దాలు వచ్చి జనం రోడ్ల మీద పడుకున్నారు. టెన్షన్ సహజమే. ఎన్‌జీఆర్‌ఐ పరికరాల్లో నమోదైనవి రిక్టర్ స్కేలు మీద రెండు పాయింట్ల లోపు చిన్న ప్రకంపనలు. వాననీరు రాతి పగుళ్లలోకి దిగి అక్కడి ఒత్తిడిని మార్చినప్పుడు ఇలాంటివి వస్తాయని శాస్త్రవేత్తలు వివరించారు. నీళ్లు లోపలికి దిగే చప్పుడు నగరం చెవిన పడడం అరుదు, అక్కడ అదే జరిగింది.

పాతకాలం బావులు తవ్వినవాళ్ల దగ్గర ఏ మీటర్లూ లేవు. బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో పూడిపోయి ఉండేది. దాన్ని బాగుచేసి 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. లోతు సుమారు 50 అడుగులు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బడీ బావోలీదీ అదే పద్ధతి. గడ్డపార దిగినంత మేరా తవ్వి, దిగనిచోట ఆగారు. గడ్డపార దిగేది మొరంలో, పగుళ్ల పొర మొదట్లో. నీళ్లున్నదీ అక్కడే. పూడిక తీయగానే బన్సీలాల్‌పేటలో నీళ్లు ఊరడం చూసి ఆశ్చర్యపోయినవాళ్లు చాలామంది.

ఇప్పుడు ఆ పొరను నగరంలో అందరికన్నా దగ్గరగా చూస్తున్నది సెల్లార్లు తవ్వే కూలీలు. పడమటి వైపు కొత్త టవర్ల కోసం నాలుగైదు అంతస్తుల లోతున గోతులు తీస్తున్నారు. అంచున నిలబడి ఎదుటి గోడ చూస్తే పైన జానెడు నల్లమట్టి, దాని కింద ఎర్రమట్టి, ఆ కింద పసుపు మొరం, మొరంలో అక్కడక్కడా గుండ్లు, కింద ఉల్లిపొరల్లా విడిన రాయి, అట్టడుగున డ్రిల్లు గీతలు పడ్డ బూడిదరంగు బండ. మొరం అయిపోయి రాయి మొదలయ్యే గీత వెంట గోడ పొడవునా చెమ్మ కనబడుతుంది. కొన్నిచోట్ల అది ధారగా కారి గోతిలో మడుగు కడుతుంది. మడుగులో ఒక మోటార్, దాని నుంచి నీలిరంగు పైపు, పైపు చివర రోడ్డు పక్క నాలాలో. పని ఆగకూడదు కాబట్టి మోటార్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. అదే గేటు ముందు, కూలీల వాడకానికి నీళ్లు తెచ్చిన ట్యాంకర్ లోపలికి తిరిగే సందు కోసం ఆగి ఉంటుంది.